కొత్తవలస దారిలో పొరల రొట్టె

సన్నగా కొట్టిన మాంసానికి ఉప్పు, కొవ్వు, మసాలా చేర్చి, శుభ్రపరచిన పేగులో గాని కృత్రిమమైన తొడుగులో గాని కూరితే అది సాసేజ్ అవుతుంది. మైదా ముద్దలో కొవ్వు పలకను దాచి, అనేక మడతలు వేసి, ఆవంలో కాల్చినప్పుడు పొరలుగా విచ్చుకునే పిండి వంటకాన్ని పఫ్ అంటారు. ఈ రెంటినీ ఒకటిగా చుట్టి, వేలెడంత ముక్కలుగా కోసి కాల్చి, పక్కన సాస్ పెట్టి విందుల్లో వడ్డించే అలవాటు ఇంగ్లండులో స్థిరపడి, వలస పాలనతో పాటు ప్రపంచమంతటా పాకింది. ఉత్తరాంధ్రకు మాత్రం ఇది మొత్తంగా రాలేదు. పైతొడుగు ముందు వచ్చింది, దాని వెనుక సాస్ వచ్చింది, అసలు సరుకైన సాసేజ్ చిట్టచివర, అదీ పంది రూపంలో కాక కోడి రూపంలో వచ్చింది. ఈ క్రమం తారుమారు కావడానికి అభిరుచి కంటే, ఆచారం కంటే, పిండి, కొవ్వు, వేడి అనే మూడు విషయాలు ఎక్కువ కారణమని ఈ ప్రాంతపు ఆహార చరిత్రను పరిశీలిస్తే తేలుతుంది.

ఈ పరిశీలనకు కొత్తవలస తగిన చోటు. విశాఖపట్నం, విజయనగరాల మధ్య పెందుర్తి దాటగానే వచ్చే ఈ కూడలి మొదట హౌరా-మద్రాసు మార్గంలోని ఒక స్టేషను. బెజవాడ నుంచి కటకం వరకు తీరం వెంబడి ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893-96 మధ్య దశలవారీగా తెరచుకుంది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలోనే బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి, అంటే జనం బి.ఎన్.ఆర్. అని పిలుచుకున్న కంపెనీ చేతికి వచ్చింది. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ వరకు కొండల మీదుగా వేసిన మార్గం 1966-67లో తెరచుకున్నాక ఈ ఊరు జంక్షన్ అయింది. లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొర్రా గుహలు, సిమిలిగుడ, అరకు మీదుగా సాగే ఆ మార్గాన్ని ఇప్పటికీ రైల్వేవారు, ప్రయాణికులు కూడా కె.కె. లైను అనే పిలుస్తారు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. అందువల్ల కొత్తవలస తిండి చరిత్రను విశాఖ నుంచి వేరుచేసి రాయడం సాధ్యం కాదు, రాస్తే సరైనదీ కాదు.

ఐరోపావారి రొట్టె ఈ తీరానికి రైలు కంటే చాలా ముందే వచ్చింది. భీమునిపట్నంలో డచ్చివారు పదిహేడో శతాబ్దం నుంచి వర్తకం చేసి, 1825లో ఆ స్థావరాన్ని ఆంగ్లేయులకు అప్పగించారు. సాసేజ్‌ను పొరల పిండిలో చుట్టి కాల్చే వంటకం డచ్చి దేశంలోనూ ఉంది గాని, భీమిలిలో వారు వదిలిపోయింది సమాధులు, పాత కట్టడాలే తప్ప వంట కాదు. విజయనగరంలో మద్రాసు సైన్యపు దళం మకాం ఉండిన చోటు నేటికీ కంటోన్మెంట్ అనే పేరుతోనే వ్యవహారంలో ఉంది. 1846లో ఫ్రాన్సు సరిహద్దు ప్రాంతమైన సవాయ్ నుంచి కాథలిక్ గురువులు విశాఖపట్నం చేరారు. ఆ శతాబ్దం చివరి భాగంలో కెనడా బాప్టిస్టు మిషన్ వారు భీమిలి, విజయనగరం, బొబ్బిలి వంటి ఊళ్ళలో కుదురుకున్నారు. సైనికుడికీ, దొరకూ, పాద్రీకీ రొట్టె కావాలి. అయితే ఆ రొట్టె బంగళా వంటింట్లో పుట్టి బంగళా భోజనాల బల్ల మీదే ముగిసిపోయేది. ఊరిలోకి వచ్చినప్పుడు కూడా అది జ్వరం తగిలినవాడికి పాలలో ముంచి పెట్టే పథ్యంగానే వచ్చింది, విందుభోజనంగా కాదు. రొట్టె అంటే రోగి తిండి అనే భావం తెలుగు ఇళ్ళల్లో ఒకటి రెండు తరాలు గట్టిగా నిలిచింది.

ఇంగ్లండులో అదే కాలంలో సాసేజ్ రోల్ సామాన్యుడి తిండిగా మారింది. పొరల పిండి చేసే పద్ధతిని ఫ్రెంచి వంట గ్రంథాలు పదిహేడో శతాబ్దంలోనే వివరించాయి. పంతొమ్మిదో శతాబ్దపు ఆరంభానికి లండను వంటి నగరాల్లో దానిలో సాసేజ్ మాంసాన్ని చుట్టి అమ్మడం మొదలైంది. 1861లో పుస్తకంగా వెలువడిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథంలో ఆ వంటకం చేరిందంటే, మధ్యతరగతి ఇల్లాలికి అది అప్పటికే పరిచితమై ఉందన్న మాట. దాన్ని మద్రాసు రాజధానికి, అంటే ఉత్తర సర్కారులు కూడా భాగంగా ఉన్న పాలనా ప్రాంతానికి, తెచ్చినవారికి ఎదురైన కష్టం వేరు. మద్రాసు సైన్యంలో పనిచేసిన కెన్నీ హెర్బర్ట్ ‘వైవర్న్’ అనే కలం పేరుతో 1878లో ప్రచురించిన వంట పుస్తకం, ఈ దేశపు వంటవాడి చేత, ఈ దేశపు వేడిలో ఐరోపా వంటలు ఎలా చేయించాలన్న ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే.

ఆ కష్టం ఏమిటో తెలియాలంటే పఫ్ తయారయ్యే తీరును దగ్గరగా చూడాలి. మైదాను నీటితో మెత్తగా కలిపి, కాసేపు నాననిచ్చి, దీర్ఘచతురస్రంగా వత్తుతారు. దాని మధ్య కొవ్వును పలకగా పరచి, అంచులు మూసి, మళ్ళీ పొడవుగా వత్తి, మూడు మడతలు వేస్తారు. ఇలా ఆరు విడతలు మడిస్తే మూడును ఆరుసార్లు హెచ్చించినట్లు కొవ్వు పొరలు 729 అవుతాయి. ఆవంలో 200 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడి తగలగానే పిండిలోని నీరు, వెన్న వాడితే వెన్నలోని నీరు కూడా, ఆవిరై ఒక్కొక్క పొరను పైకి తోస్తుంది. అదే సమయంలో కరిగిన కొవ్వు ఆ పొరలు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది. ఇదంతా జరగాలంటే ఒకే ఒక షరతు ఉంది: ఆవంలోకి వెళ్ళేవరకు కొవ్వు గట్టిగా, కాని విరగకుండా వంగేటట్లు ఉండాలి. కరిగిందా, అది పిండిలోకి ఇంకిపోతుంది. అప్పుడు పొరలు పోయి, కాల్చిన తర్వాత చేతికి వచ్చేది బరువైన బిస్కత్తు వంటి ముద్ద.

పాలకొవ్వు కరిగే వేడి 32 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. కొత్తవలస పరిసరాల్లో వేసవి పగళ్ళు ఆ గీతను దాటడం మామూలు విషయం. దానికి తోడు మండే ఆవం పక్కన నిలబడి పిండి వత్తేవాడి చేతుల వేడి ఉండనే ఉంది. ఐరోపాలో చలి ఉచితంగా చేసిపెట్టిన పనిని ఇక్కడ కొనుక్కోవలసి వచ్చింది. అమెరికా సరస్సుల మంచును ఓడల్లో తెచ్చి నిలవ చేయడానికి మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన మంచు గిడ్డంగి ఈ అవసరాల స్థాయిని చెబుతుంది. మంచు అందని మొఫసిలు ఊళ్ళలో తెల్లవారుజామున చలిగాలి ఉన్నంతలో పిండి మడిచి, గుడ్డ తడిపి కప్పి ఉంచడమే మార్గం. అంటే ఆ కాలపు పఫ్ ఒక రకంగా శీతకాలపు పంట: క్రిస్మసుకు కుదిరేది, వైశాఖంలో కుదరనిది.

పొరలు వేసే విద్య తెలుగువారికి కొత్త కాదన్నది ఇక్కడ గుర్తుచేయాలి. మైదాను పలుచగా వత్తి, నెయ్యి, బియ్యప్పిండి కలిపిన ముద్ద పూసి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, మళ్ళీ వత్తి వేయించే మడతకాజాలో ఉన్నది ఇదే సూత్రం. గోదావరి జిల్లాలోని తాపేశ్వరం 1930ల చివరలో పోలిశెట్టి సత్తిరాజు చేతి మీదుగా ఆ మిఠాయికి చిరునామా అయింది. ఇటు పక్క పూరీ జగన్నాథుని ప్రసాదాల్లోని ఖాజా ఉత్తరాంధ్ర యాత్రికులకు తరతరాలుగా తెలిసినదే. కజ్జికాయలో పిండి తొడుగు లోపల కూరిక పెట్టి అంచులు మెలిపెట్టే పని కూడా ఉంది. తేడా అంతా నిప్పు దగ్గరే. మన పొరలు నూనెలోనో నేతిలోనో వేగి విచ్చుకుంటాయి. వేయించే వంటలో కొవ్వు ముందే కొంత కరిగినా ముప్పు లేదు, చుట్టూ ఉన్న నూనె ఆ పని పూర్తి చేస్తుంది. పఫ్‌కు నాలుగు వైపుల నుంచీ తగిలే పొడి వేడి కావాలి. ఆ వేడినిచ్చే ఆవం తెలుగు ఇంటిలో లేదు, తెలుగు మిఠాయి దుకాణంలోనూ లేదు. మడత విద్య చేతిలో ఉండి కూడా పఫ్ పరాయిదిగా మిగలడానికి కారణం ఇటుకలతో కట్టిన ఆ గుహ లేకపోవడమే.

ఆవాన్ని తెచ్చింది రైల్వే. వాల్తేరు బి.ఎన్.ఆర్.కు, దక్షిణం నుంచి వచ్చే మద్రాసు కంపెనీకి కలయిక స్థానం కావడంతో అక్కడ లోకో షెడ్డు, రైల్వే కాలనీ, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగుల కుటుంబాలు, వారి క్లబ్బులు ఏర్పడ్డాయి. తండ్రి వైపున ఐరోపా మూలం గల ఈ సముదాయం డ్రైవర్లుగా, గార్డులుగా రైల్వేకు వెన్నెముక వంటిది. ఉదయం రొట్టె, క్రిస్మసుకు కేకు, విందుకు పఫ్‌లు వారికి ఇంటి తిండి. అందుకు కావలసిన బేకరీ పని నేర్చినవారు స్థానికులే. 1933లో బి.ఎన్.ఆర్. నిర్మించిన విశాఖ రేవు ప్రారంభం కావడం, 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడడం, 1950లలో చమురు శుద్ధి కర్మాగారం, 1968లో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం రావడం వంటి మార్పులతో, జీతం మీద బతికే, బయట తినే, రొట్టెను రోగి పథ్యంగా కాక టీ వేళ తిండిగా చూసే జనం విశాఖలో పెరిగారు. ఆవానికి కావలసిన కట్టెకు ఈ తీరంలో కొరత లేదు, ఇసుక నేలల్లో సరుగుడు తోటలు విస్తారంగా ఉన్నాయి. రొట్టె పొంగడానికి మద్రాసు రాజధానిలోని పాత బేకరీలు ఈస్టుకు బదులు కల్లు వాడేవి. తాటి, ఈత చెట్ల నాడైన ఉత్తరాంధ్రకు అదీ సమస్య కాదు. పఫ్‌కు ఈస్టుతోనూ కల్లుతోనూ పని లేకపోయినా, ఏ బేకరీ అయినా నిలబడేది ముందు రొట్టె అమ్మకం మీదే.

దక్షిణ భారతంలో ఈ వృత్తి విస్తరించిన తీరుకు రెండు ఉదాహరణలు ప్రసిద్ధమైనవి. బర్మాలో బిస్కత్తుల పని నేర్చుకుని వచ్చిన మంబళ్ళి బాపు 1880లో తలశ్శేరిలో బేకరీ పెట్టి, 1883లో ఒక ఆంగ్ల తోటల యజమాని కోరిక మీద కేకు తయారుచేశాడు. హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన అయ్యంగార్ సోదరులు 1898లో బెంగళూరు చిక్కపేటలో పెట్టిన బేకరీ గుడ్డు, మాంసం తగలని శాకాహార బేకరీ అనే కొత్త జాతికి మూలమైంది. ఈనాడు ఆంధ్ర పట్టణాల్లో ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ అన్న బోర్డు లేని బజారు అరుదు. ఆ బోర్డు వెనుక ఉన్నవారందరూ అయ్యంగార్లే కానక్కరలేదు గాని, పఫ్‌లోకి ఉల్లిపాయ, బంగాళదుంప, క్యారట్ కూరను తెచ్చి, మడి గల ఇంటి గడప కూడా దాటించిన ఘనత ఆ సంప్రదాయానిదే. బాపు వెళ్ళిన బర్మాకే ఉత్తరాంధ్ర నుంచి వేల మంది వెళ్ళారు. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి పొగ ఓడలెక్కి రంగూన్‌లో ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోసి, 1942లో జపాను దండయాత్రతో కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. అదే బర్మాలో ఒకడు వృత్తి నేర్చుకుని రాగా, ఎందరో కూలీలుగా మాత్రమే ఉండిపోయారు. ఆవం దగ్గరకు ఎవరిని రానిచ్చారన్నది కులం, చదువు, పరిచయాలు తేల్చిన సంగతి.

కొవ్వు సమస్య తీరిన తీరులోనే పఫ్ బజారుకు ఎక్కిన రహస్యం ఉంది. ద్రవరూపంలోని నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచే ప్రక్రియను జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ నార్మన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కనిపెట్టాడు. అలా గట్టిపడిన వనస్పతి మొదట డచ్చి దేశం నుంచే ఇక్కడికి దిగుమతి అయ్యేది. 1937లో లీవర్ కంపెనీ డాల్డా పేరుతో దాన్ని ఈ దేశంలోనే చేసి అమ్మసాగింది. భీమిలి నుంచి డచ్చివారు వెళ్ళిన శతాబ్దం తర్వాత వారి సరుకు డబ్బాలో తిరిగివచ్చిందని సరదాకు అనుకోవచ్చు. నెయ్యి కల్తీ అవుతుందన్న ఆందోళన, వనస్పతి మీద నిషేధం కావాలన్న వాదం పత్రికల్లో చాలా కాలం సాగాయి. బేకరీవాడికి అవేవీ పట్టలేదు. అతడికి కావలసింది వేసవి మధ్యాహ్నం కూడా కరగని కొవ్వు, అది దొరికింది. పఫ్‌ల కోసమే, 40 డిగ్రీల పైన గాని కరగని విధంగా కంపెనీలు తయారుచేసిన మార్జరిన్ పలకలు మార్కెట్లోకి వచ్చాక ఈ వంటకం శీతకాలపు కట్టు తెంచుకుంది. రుచిలో వెన్నకు ఇది సాటి రాదు. అంగిలికి మైనంలా అంటుకునే ఆ జిడ్డు, శరీరపు వేడికి కూడా కరగని కొవ్వు మిగిల్చేదే. అయినా ఆ జిడ్డు లేకపోతే కొత్తవలసలో మే నెల పఫ్ లేదు.

ఇక పిండి. వరి పండే ఉత్తరాంధ్రలో గోధుమ బయటి ధాన్యం, పండుగ పూటకు తెచ్చుకునేది. అమెరికా 1954లో చేసిన, పి.ఎల్. 480 అని పేరుపడ్డ చట్టం కింద భారతదేశానికి 1956 నుంచి గోధుమ ఓడలు వచ్చాయి. వరుస అనావృష్టి వచ్చిన 1965-66 నాటికి వరి తినే రాష్ట్రాల్లో సైతం గోధుమ రేషన్ సరుకై కూర్చుంది. రోలరు మిల్లుల్లో గోధుమ పై పొట్టును, మొలకను తొలగించి తీసే తెల్లని మైదా చౌకగా, నిలవ ఉండే సరుకుగా అందుబాటులోకి వచ్చింది. ఇడ్లీ, ఉప్మా తినే ఊళ్ళలో పూరీ, పరోటాలు హోటలు తిండిగా స్థిరపడినది ఇంచుమించు ఈ కాలంలోనే. సరిగ్గా ఆ సంవత్సరాల్లో కొత్తవలస దగ్గర కొండ లైను పనులు సాగుతుండడం కాకతాళీయమే అయినా, కూలీలూ ఇంజనీర్లూ తర్వాత రైలు సిబ్బందీ తిరిగే కూడలిలో టీ కొట్టు పక్కన గాజు బీరువా పెట్టుకోగల బేకరీకి గిరాకీ అలాగే పుడుతుంది.

ఆ గాజు బీరువాలో ఉన్న పఫ్ లోపల సాసేజ్ లేదు. తెలుగు పల్లెల్లో మేక పేగును బోటీగా కూర వండుతారు గాని, మాంసాన్ని అందులో కూరి నిలవ చేసే పద్ధతి లేదు. ఉప్పు కలిపి ఎండబెట్టిన మాంసం, ఎండు చేప ఆ అవసరాన్ని తీర్చాయి. పైగా సాసేజ్‌కు మూలమైన పంది మాంసం కొన్ని కులాలకు, కొండ జాతులకు ఇష్టమైన తిండి అయినా బజారులో బాహాటంగా అమ్ముడుపోయేది కాదు. ప్రణాళికల కాలంలో ప్రభుత్వం పందుల పెంపకాన్ని పరిశ్రమగా తీర్చిదిద్దాలని తలచి దేశంలో కొన్ని చోట్ల బేకన్ కర్మాగారాలు పెట్టింది; ఆంధ్రప్రదేశ్‌లో అటువంటిది కృష్ణా జిల్లా గన్నవరంలో వెలిసింది. దాని సరుకు హోటళ్ళకు, సైనిక క్యాంటీన్లకు చేరిందే తప్ప ఊరి బేకరీ దాకా రాలేదు. మాంసాన్ని పిండిలో పెట్టి విందుకు ముందుగా వడ్డించే అలవాటు తెలుగు నేల మీద అసలు లేదనడమూ తప్పే: హైదరాబాదు పెళ్ళిళ్ళలో ఖీమా కూరి చతురస్రంగా మడిచి వేయించే లుఖ్మీ చేసేది ఆ పనే. కాని లుఖ్మీ నిజాం రాజ్యపు హద్దు దాటి సర్కారు జిల్లాల పెళ్ళి పందిళ్ళలోకి రాలేదు.

సాసేజ్ వదిలిన ఖాళీని ఇక్కడ నింపినది మొదట ఉల్లిపాయ మసాలా, తర్వాత గుడ్డు. ఉడికించిన గుడ్డును రెండుగా కోసి, ఒక బద్దను అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలాతో ముదురు రంగు వచ్చేదాకా వేయించిన ఉల్లిపాయల మీద బోర్లించి, పిండి చతురస్రాన్ని ఎదురెదురు మూలల నుంచి మడిచి, పైన గుడ్డు సొన రాసి కాల్చేదే ఎగ్ పఫ్. దీని వ్యాప్తి వెనుక ఒక తెలుగువాడి వ్యాపారం ఉంది. బండా వాసుదేవరావు 1971లో ప్రారంభించిన వెంకటేశ్వర హేచరీస్ కోళ్ళ పెంపకాన్ని పెరటి పనిగా కాక పరిశ్రమగా మార్చడంలో ముందు నిలిచింది. 1982లో ఆయన చొరవతోనే ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, అంటే నెక్, గుడ్డు ధరను రైతులే ప్రకటించే ఏర్పాటు చేసి, వారంలో ఏ రోజైనా గుడ్డు తినవచ్చని దేశమంతా ప్రచారం చేసింది. గుడ్డు చౌక కావడంతో ఎగ్ పఫ్ విద్యార్థి జేబుకు అందే తిండి అయింది. అదే పరిశ్రమ బ్రాయిలర్ కోడిని పెంచి, ముక్కలుగా అమ్మిన తర్వాత మిగిలే మాంసానికి దారి వెతుక్కునే క్రమంలో కోడి సాసేజ్ పుట్టింది. చల్లని మాంసాన్ని ఉప్పుతో, ఐసుతో కలిపి యంత్రంలో మెత్తగా తిప్పినప్పుడు ఉప్పుకు కరిగిన మాంసకృత్తులు జిగురై కొవ్వునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఉడికించాక ఆ జిగురు గట్టిపడి, కోస్తే చెదరని ముద్ద అవుతుంది. శీతల గిడ్డంగులు, ఫ్రీజరు ఉన్న సూపర్ మార్కెట్లు విశాఖలో పెరిగాకనే అది ఇళ్ళకు చేరింది. పంది పేరు లేకపోవడం వల్ల ముస్లిం ఇళ్ళకూ, పంది ముట్టని హిందూ ఇళ్ళకూ ఒకే సరుకు అమ్మగలగడం దాని విజయానికి అసలు కారణం.

సాస్ కథ ఇంకా చిత్రమైనది. కెచప్ మూలం టొమాటోలో లేదు, ఆగ్నేయాసియా చైనీయుల చేపల ఊటలో ఉంది; ఆంగ్లేయులు దాన్ని పుట్టగొడుగులతో, అక్రోటులతో అనుకరించగా, అమెరికాలో టొమాటో చేరి, 1876లో హైన్జ్ కంపెనీ అమ్మకాలతో నేటి రూపం స్థిరపడింది. ఉత్తరాంధ్రలో ఒకప్పుడు రామములక్కాయ అని పిలిచిన టొమాటో పుల్లని కూరగా, పచ్చడిగా స్థానం సంపాదించుకుంది గాని, సీసాలోని తీపి పులుపు ఎర్ర చిక్కదనం మాత్రం బేకరీ ద్వారానే తెలిసింది. 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు టొమాటో కెచప్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 25 శాతం ఉండాలని నిర్దేశించింది. చిల్లు మూత ప్లాస్టిక్ సీసాలో పలుచగా జారే సరుకు ఆ కొలతకు ఎంత దూరమో నాలుకే చెబుతుంది. అయినా నంజుకోవడం తెలుగు భోజనంలో పుట్టుకతో ఉన్న అలవాటు గనుక, పఫ్‌తో వచ్చిన సాస్‌ను ఎవరూ ప్రశ్నించలేదు.

ఇంగ్లండులో సాసేజ్‌కు సహజమైన జోడు టొమాటో కాదు, ఆవ. 1814లో నార్విచ్ దగ్గర మొదలైన కోల్‌మన్ కంపెనీ పసుపు పచ్చని ఆవపిండి వలస దేశాలన్నిటికీ వెళ్ళింది. ఈ సంగతి తెలిస్తే ఉత్తరాంధ్ర వంటగత్తెకు ఆశ్చర్యం కలగదు. పనసపొట్టుకు, అరటికాయకు, కందకు ఆవ పెట్టి వండడం ఈ జిల్లాల వంటకు ముఖ్య లక్షణం. ఆవగింజ నూరి చల్లని నీటితో తడిపినప్పుడు అందులోని ఒక ఎంజైము పనిచేసి ముక్కుకెక్కే ఘాటును విడుదల చేస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, పులుపు ముందుగా పడితే మందగిస్తుంది. అందుకే అనుభవం గలవారు ఆవను నీళ్ళతో నూరి కాసేపు ఉంచి, కూర దించి వేడి తగ్గాకనే కలుపుతారు. అదే క్రమంలో నూరిన ఆవకు చిక్కని చింతపండు పులుసు, బెల్లం, ఉప్పు, చెంచా నూనె చేర్చితే, పాశ్చాత్య విందుల్లో తేనె, ఆవ కలిపి పెట్టే ముంచుకు తినే సాస్‌కు సరితూగేది, కోడి సాసేజ్‌లోని చప్పదనాన్ని కెచప్ కంటే బాగా కప్పిపుచ్చేది తయారవుతుంది. బేకరీలు దీన్ని పట్టించుకోకపోవడం విచారించదగినదే. ఎర్ర సీసాకు అలవాటైన కంటికి ఆవ ముద్ద రంగు ఆనదు కాబోలు.

సముద్రం దాటిన ఉత్తరాంధ్రవారి దగ్గర ఈ వంటకం వేరే వరుసలో చేరింది. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన మొదటి ఒప్పంద కూలీల ఓడ తర్వాత నాటాల్ చెరకు తోటలకు విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఎందరో వెళ్ళారు. వారి సంతతి 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకుంది. బ్రిటిషు బేకరీల ప్రభావం గాఢంగా ఉన్న ఆ దేశంలో సమోసా, సాసేజ్ రోల్ ఒకే పళ్ళెంలో కూర్చోవడం విడ్డూరం కాదు. మలయా తోటలకు వెళ్ళి 1955లో తమ సంఘం పెట్టుకున్న తెలుగువారికి బంగాళదుంప కూర కూరిన కరిపాప్ వీధి తిండిగా పరిచయమైంది. మన కర్రీ పఫ్‌కు అది దాయాది, కాకపోతే సాధారణంగా నూనెలో వేగేది. అమెరికాలో చిన్న సాసేజ్‌ను పిండిలో చుట్టే వంటకానికి ‘దుప్పటిలో పందిపిల్లలు’ అని ముద్దుపేరు. 1957లో బెట్టీ క్రాకర్ పేరిట వచ్చిన పిల్లల వంట పుస్తకంలో అది ఉంది. 1965లో పిల్స్‌బరీ కంపెనీ గొట్టం డబ్బాలో, త్రికోణాలుగా విడదీసి చుట్టుకునే చల్లని రోల్ పిండిని మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడాది ఆ దేశపు వలస చట్టం మారి, తెలుగు డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తెరచుకుంది. పుట్టినరోజు పార్టీకి తలా ఒక వంటకం తెచ్చుకునే సంప్రదాయంలో, డబ్బా విప్పి, త్రికోణాలు విడదీసి, సాసేజ్ చుట్టి ఆవంలో పెట్టడం కంటే సులభమైనది మరొకటి లేదు.

ఆ సులువు ఇప్పుడు విశాఖ, విజయనగరం ఇళ్ళకూ తిరిగి వచ్చింది. గడ్డకట్టించిన పఫ్ షీటును ఫ్రిజ్‌లోనే ఉంచి మెత్తబడనిచ్చి, బొటనవేలు మందమున్న సాసేజ్‌కు ఒక చుట్టు సరిపడా కోసి, అంచుకు నీళ్ళు రాసి అతికించి, అతుకు అడుగుకు వచ్చేటట్లు ట్రేలో పెట్టి, పైన సొన రాసి, చాకుతో రెండు గాట్లు పెట్టి కాలుస్తారు. సొన పక్క అంచులకు కారితే పొరలు అతుక్కుని ఒక వైపే లేస్తాయి. గాట్లు లేకపోతే ఆవిరి అతుకును చీల్చుకుని బయటపడుతుంది. షీటు చేతికి జారుడుగా తగిలిందంటే పని ఆపి దాన్ని మళ్ళీ చల్లబరచవలసిందే. కెన్నీ హెర్బర్ట్ నాటి వంటవాడికి ఉన్న చిక్కు, విద్యుత్తు ఉన్నంతసేపు మాత్రమే తీరిన చిక్కు.

కొవ్వు మరోసారి మారింది. హైడ్రోజన్ పట్టించిన నూనెల్లో ఏర్పడే ట్రాన్స్ కొవ్వులు గుండె జబ్బులకు దారితీస్తాయని తేలడంతో, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నూనెలు, కొవ్వుల్లో వాటి పరిమితిని 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించింది. దీంతో డాల్డా జాతి కొవ్వుల స్థానాన్ని పామాయిల్ నుంచి వేరుచేసిన గట్టి భాగంతో చేసిన మార్జరిన్‌లు ఆక్రమించుకుంటున్నాయి. ఆయిల్‌పామ్ సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందున్న రాష్ట్రం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఆ తోటలు కనిపిస్తాయి. అయినా దేశం వాడే పామాయిల్‌లో అత్యధిక భాగం నేటికీ ఇండోనేషియా నుంచి, ఒకప్పుడు ఉత్తరాంధ్ర కూలీలు చేరిన మలేషియా నుంచి ఓడల్లోనే వస్తోంది.